ఉద్యోగం మానేసి రచనలోకి రావాలనుకునే విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకులో పనిచేసేవాళ్లు, కార్పొరేట్ కాలేజీ లెక్చరర్లు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు, సర్కారు బడి టీచర్లు కొద్దిపాటి తేడాతో అడిగే సందేహాలు ఇవే. ఏ దశలో ఉన్నవాళ్లు ఆ భాగానికి నేరుగా వెళ్లవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబే చదువుకునేలా రాశాం.

## రాజీనామాకు ముందు

రాయాలంటే ఉద్యోగం మానేయాల్సిందేనా?

అక్కర్లేదు. రోజుకు 300 మాటల చొప్పున వారానికి ఐదు రోజులు రాస్తే వారానికి 1,500 మాటలు. 50,000 మాటల నవల తొలి ప్రతికి ఎనిమిది నెలలు చాలు. విశ్వనాథ సత్యనారాయణ గుంటూరులోనూ విజయవాడలోనూ కాలేజీల్లో పాఠాలు చెబుతూనే రాశారు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి చివరిదాకా చందమామలో పనిచేస్తూనే రాశారు. రాజీనామా వల్ల దొరికేది ఒక్కటే, తెగని సమయం. పెద్ద నవలను మొదటి నుంచి తిరగరాయడానికి, పాత పత్రికలు తిరగేయడానికి, ఊళ్లు తిరిగి మనుషులతో మాట్లాడటానికి అది కావాలి. కథలు రాయడానికి మాత్రమే అయితే ఉద్యోగం వదులుకోవద్దనే మా సలహా.

నేను సిద్ధంగా ఉన్నానో లేదో ఎలా తెలుస్తుంది?

చేతిలో ఏముందో చూసుకోండి. పూర్తయిన కథలు పది ఉండాలి. వాటిలో మూడు నాలుగైనా మీకు పరిచయం లేని ఎడిటరు ఎంచుకుని వేసినవై ఉండాలి. లేదంటే నవల తొలి ప్రతి ఒకటి ఆఖరి పేజీదాకా ఉండాలి. సగంలో ఆగిన ఆరు నవలలు లెక్కలోకి రావు.

ఇంకో పరీక్ష ఉంది. ఎర్న్‌డ్ లీవు ఇరవై రోజులు పెట్టి, ఊరు వెళ్లకుండా ఇంట్లోనే రాయండి. మొదటి మూడు రోజులు ఉత్సాహం మీద గడిచిపోతాయి. అసలు సంగతి నాలుగో రోజు పొద్దున పదకొండింటికి తెలుస్తుంది. ఇరవై రోజుల్లో పది రోజులైనా కుర్చీలో కూర్చుని రాయగలిగితే ముందుకు ఆలోచించండి.

ఎన్ని నెలల ఖర్చు చేతిలో పెట్టుకోవాలి?

తక్కువలో తక్కువ 18 నెలలది. తొలి ప్రతికి ఎనిమిది నుంచి పది నెలలు, తిరగరాయడానికి నాలుగు నెలలు, ప్రచురణకర్త లేదా పోటీ ఫలితం కోసం ఆరు నెలలు పడుతుంది. ఇంటి ఖర్చు నెలకు 35,000 అయితే 6,30,000 రూపాయలు. ఆసుపత్రి ఖర్చులకంటూ మరో లక్ష విడిగా ఉండాలి. దాన్ని ఈ లెక్కలో కలపొద్దు.

లెక్క తప్పేది నెలవారీ ఖర్చుల దగ్గర కాదు, ఏడాదికోసారి వచ్చేవాటి దగ్గర. జూన్‌లో స్కూలు ఫీజులు, ఇంటిపన్ను, బండి ఇన్సూరెన్సు, పాలసీ ప్రీమియం, మాఘమాసంలోనూ శ్రావణంలోనూ వరసపెట్టి వచ్చే పెళ్లిళ్లకు చదివింపులు. ఇవన్నీ కలిపి పన్నెండుతో భాగించి నెల ఖర్చులో వేసుకోండి.

మన ప్రాంతంలో చీటీ లేని ఇల్లు తక్కువ. పాడేసిన చీటీ ఉంటే అది అప్పే, మిగిలిన వాయిదాలన్నీ ముందే పక్కన పెట్టాలి. పాడని చీటీని మాత్రం చేతిలో ఉన్న డబ్బుగా లెక్కెయ్యొద్దు. మొత్తాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి మొదటి ఆరు నెలలకు చేతిలో ఉంచుకుని, మిగతా రెండూ ఆరు, పన్నెండు నెలల ఎఫ్‌డీల్లో వేస్తే మధ్యలో చెయ్యి పెట్టే అవకాశం తగ్గుతుంది. ఇంటి లోనుకో క్రెడిట్ కార్డుకో దరఖాస్తు చేసే ఉద్దేశం ఉంటే జీతం స్లిప్పు వస్తున్నప్పుడే చేసుకోవాలి.

పీఎఫ్, గ్రాట్యుటీ ఏమవుతాయి?

గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. ఆఖరి మూల వేతనం, డీఏ కలిపి 26తో భాగించి 15తో గుణిస్తే ఒక్కో ఏడాదికి వచ్చే మొత్తం తెలుస్తుంది. అవి రెండూ కలిపి 26,000 అయితే ఏడాదికి 15,000, ఐదేళ్లకు 75,000. నాలుగున్నరేళ్ల దగ్గర ఉన్నవాళ్లు ఇంకో ఆరు నెలలు ఆగితే ఇంటికి రెండు నెలల ఖర్చు వచ్చినట్టే.

పీఎఫ్ ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పెన్షనుకు పదేళ్ల సర్వీసు కావాలి. పదేళ్లు నిండకపోతే, ఎప్పటికైనా మళ్లీ ఉద్యోగంలో చేరే ఆలోచన ఉన్నవాళ్లు పెన్షన్ సొమ్ము తీసేయకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది. పాత సర్వీసు కొత్తదానికి కలుస్తుంది.

ఆఫీసు హెల్త్ పాలసీ పోతే ఎలా?

చాలామంది మరిచిపోయేది, అందరికన్నా ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. గ్రూపు పాలసీ ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. అది ముగియడానికి కనీసం నెల ముందు అదే ఇన్సూరెన్సు కంపెనీని అడిగి వ్యక్తిగత పాలసీకి మారండి. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది. ఆగి కొత్త పాలసీ తీసుకుంటే షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు మూడేళ్లదాకా కవరేజీ రాకపోవచ్చు. అమ్మానాన్నలు ఆఫీసు పాలసీ మీదే ఉంటే వాళ్ల సంగతి ముందు తేల్చుకోండి.

నేను ప్రభుత్వ టీచర్ని. రాజీనామా చేయనా?

రాజీనామా అనే మాట కాగితం మీద పెట్టకండి. పెడితే గడిచిన సర్వీసు పోతుంది. పాత పెన్షన్ విధానంలో ఉండి 20 ఏళ్లు నిండితే మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణకు అడగవచ్చు. అన్నేళ్లు లేకపోతే జీతం లేని సెలవుకు పెట్టుకోండి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరి కొత్త పెన్షన్ విధానమైన సీపీఎస్‌లో ఉన్నవాళ్లకు లెక్క వేరు. ఎంత చేతికొస్తుందో, ఎంత యాన్యుటీలోకి (నెలనెలా పెన్షనుగా వచ్చే సొమ్ములోకి) పోతుందో జీతం బిల్లులు పెట్టే డీడీవో దగ్గర కాగితం మీద రాయించుకుని చూడాలి.

ఇంట్లో ఎలా చెప్పాలి?

కలల గురించి కాకుండా తేదీల గురించి చెప్పండి. ఎంత డబ్బుంది, ఎన్ని నెలలకు సరిపోతుంది, ఏ తేదీకి పని పూర్తికాకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి చూపించండి. సంపాదించే జీవితభాగస్వామి మాటే ఇందులో తుది నిర్ణయం. వాళ్లకు ఇష్టం లేకుండా మొదలెట్టిన రాత సాఫీగా సాగిన దాఖలా తక్కువ.

## మొదటి ఏడాది

రోజంతా ఖాళీ. అయినా పేజీ కదలడం లేదు. ఎందుకని?

రోజంతా రాయడం ఎవరి వల్లా కాదు కాబట్టి. కొత్త వచనం రోజుకు మూడు గంటలు, మహా అయితే నాలుగు గంటలు వస్తుంది. ఎనిమిది గంటల ఆఫీసు అలవాటుతో కూర్చుంటే ఐదో గంటలో రాసింది మర్నాడు కొట్టేయాల్సి వస్తుంది, దాంతో మనసు విరుగుతుంది.

ఇక్కడి ఎండను బట్టి రోజు విభజించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలో పదింటికే గది కాగిపోతుంది. అందుకే ఐదున్నర నుంచి తొమ్మిదింటిదాకా కొత్తది రాయడం, మధ్యాహ్నం టైపు, చదువు, సాయంత్రం మనుషుల్ని కలవడం ఇక్కడ కుదురుతుంది.

రెండో కారణం ఇల్లు. "ఇంట్లోనే ఉన్నావుగా" అంటూ గ్యాసు బండ, కరెంటాఫీసు, చుట్టాలను స్టేషన్ నుంచి తీసుకురావడం అన్నీ మీ మీద పడతాయి. పనులు మానక్కర్లేదు, వాటికి వేళ పెట్టండి. పదకొండు తర్వాత ఏ పనైనా చేస్తానని ఒకసారి చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటే నెల రోజుల్లో ఇల్లు అలవాటు పడుతుంది.

మూడోది, రాసింది వెంటనే దిద్దుకోవడం. నిన్నటి పేరా బాగుచేస్తూ కూర్చుంటే మొదటి అధ్యాయం పదిహేనుసార్లు రాస్తారు, రెండోది పుట్టదు. తొలి ప్రతి అయ్యేదాకా వెనక్కి వెళ్లొద్దు. మార్చాలనిపించింది నోటు పుస్తకంలో రాసుకోండి. రోజు పని ముగించేటప్పుడు సన్నివేశం మధ్యలో, తర్వాతి వాక్యం తెలిసినచోట ఆపండి. మర్నాడు మొదలుపెట్టడం తేలికవుతుంది. మాటల లెక్క రోజుకు కాకుండా వారానికి పెట్టుకుంటే ఒకరోజు పెళ్లికి పోయినా గాబరా ఉండదు.

ఇంట్లో చోటు లేదు. ఎక్కడ కూర్చోవాలి?

గ్రంథాలయోద్యమం పుట్టిన నేల ఇది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం బెజవాడలోనే ఏర్పడింది. విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం, రామమోహన గ్రంథాలయం, గుంటూరులో బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం చూడండి. ప్రభుత్వ శాఖా గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు. చాలావాటిని ఉదయం, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం మూస్తారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో బల్లలు నిండిపోతాయి కాబట్టి తలుపు తీసేసరికే వెళ్లాలి.

పాతకాలం మీద రాసేవాళ్లకు ఇంకోమాట. చీరాల పక్కన వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పత్రికల సంపుటాలకు అంతటి చోటు మన చుట్టుపక్కల లేదు. రైల్లో పొద్దున్నే వెళ్లి రాత్రికి రావచ్చు. కావాల్సిన పత్రిక పేరు, సంవత్సరం ముందే రాసుకుని వెళ్తే ఆ రోజు వృథా కాదు.

మా యాసలో రాయనా, పత్రికల భాషలో రాయనా?

సంభాషణ మీ ఊరి నోటితో రాయండి. కథనం ఏ భాషలో నడపాలో మొదటి పేజీలోనే తేల్చుకుని చివరిదాకా మార్చకండి. కృష్ణా, గుంటూరు అంటే ఒకటే యాస అనుకోవడం పొరపాటు. పల్నాట "ఏంది" అనేచోట బందరు వైపు "ఏంటి" అంటారు. "చెయ్యమాక" అనే మనిషిది ఒక ఊరు, ఒంగోలు దాటి "చెయ్యబాక" అనే మనిషిది ఇంకో ఊరు. ఈ ఒక్క ప్రత్యయంతో పాత్ర ఎక్కడిదో పాఠకుడికి తెలిసిపోతుంది, వర్ణన అక్కర్లేదు.

యాస పేరుతో ప్రతి మాటనూ విరిచి రాయడం మాత్రం చదువరిని అలసిపోయేలా చేస్తుంది. క్రియ చివరలు, పిలుపులు, ఊతపదాలు పట్టుకుంటే చాలు. రాసినదాన్ని ఆ ఊరి మనిషి చేత పైకి చదివించండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ మీ చెవి తప్పింది.

ఏ ఫాంటులో టైపు చేయాలి?

యూనికోడ్‌లో. ఏ ఫోనులో, కంప్యూటరులో తెరిచినా అక్షరాలు మారని పద్ధతి అది. వేరే ఆలోచన వద్దు. ఇప్పటికీ చాలా డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని నడుస్తోంది. అలా చేసిన ఫైలు ప్రెస్సుకు పనికొస్తుంది గానీ వెబ్ పత్రికకు పంపలేరు, ఈ-బుక్ చేయలేరు, అందులో ఒక మాట వెతకలేరు. మీరు యూనికోడ్‌లో ఇచ్చినదాన్ని వాళ్లు అనులోకి మారిస్తే వత్తులు చెదురుతాయి. "సాఫ్ట్‌వేర్", "బ్యాంక్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా పెట్టే కనపడని అక్షరం పోయి "సాఫ్ట్వేర్", "బ్యాంక్లో" అవుతాయి. మార్చిన తర్వాత మొత్తం ప్రూఫు మళ్లీ చదవక తప్పదు. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టేవాళ్లను వెతకండి. మండలి, రామభద్ర, సురన్న, ఎన్‌టీఆర్ లాంటి ఉచిత ఫాంట్లున్నాయి.

## పంపడం, డబ్బు

కథ ఎక్కడికి పంపాలి? ఎన్నాళ్లు చూడాలి?

విజయవాడ నుంచే వచ్చే స్వాతి, దినపత్రికల ఆదివారం సంచికలు, 1998 నుంచి వస్తున్న ఈమాట లాంటి వెబ్ పత్రికలు ఉన్నాయి. పంపే ముందు ఆ పత్రికవి నాలుగైదు సంచికలు చదివి, నిడివి ఎంతో చూసుకోండి. ఆదివారం సంచికకు 4,000 మాటల కథ పంపితే ఎంత బాగున్నా పట్టదు.

కథతోపాటు హామీ పత్రం ఉండాలి. కథ సొంతమని, అనువాదమో అనుసరణో కాదని, వేరేచోట పరిశీలనలో లేదని రాయాలి. ఫేస్‌బుక్కులో పెట్టినా, వాట్సాప్ గ్రూపులో తిప్పినా చాలా పత్రికలు ప్రచురితం కిందే లెక్కేస్తాయి. మూడు నెలలు చూడండి. జవాబు రాకపోతే కథ వెనక్కి తీసుకుంటున్నానని ఈమెయిల్ పెట్టి, ఆ తర్వాతే ఇంకోచోటికి పంపండి. ఒకే కథ రెండుచోట్ల అచ్చయితే ఇద్దరు ఎడిటర్ల నమ్మకమూ పోతుంది. సంక్రాంతి, ఉగాది పోటీల గడువు పండగకు రెండు మూడు నెలల ముందే ముగుస్తుంది.

నిజం చెప్పండి, నెలకు ఎంత వస్తుంది?

కథలు, కవితల మీద ఇల్లు గడవదు. డబ్బిచ్చే పత్రికలు ఇచ్చేది కూరగాయల ఖర్చుకు సరిపోతుంది. వెబ్ పత్రికల్లో ఎక్కువభాగం ఏమీ ఇవ్వవు. కాబట్టి రచన పక్కన ఒక చేతిపని ఉండాలి. ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదం, సబ్‌టైటిళ్లు, ప్రూఫు దిద్దడం, పెద్దవాళ్ల జీవితచరిత్రలు రాసిపెట్టడం, ఆడియో యాప్‌లకు సీరియల్ ఎపిసోడ్లు, 1948 నుంచి నడుస్తున్న ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి నాటికలు, ప్రసంగాలు.

అనువాదానికి మాటకు ఇంత అని ధర మాట్లాడుకోండి, పేజీ లెక్క వద్దు. పేజీ అంటే ఒక్కొక్కరికి ఒక్కో కొలత. సగం అడ్వాన్సు తీసుకోండి. ఉచితంగా ఎన్నిసార్లు దిద్దిపెడతారో, మహా అయితే రెండుసార్లు, ముందే చెప్పండి. ఆడియో ఎపిసోడ్లలో డబ్బు త్వరగా కనిపిస్తుంది. కానీ రోజూ ఇంత రాయాలన్న షరతు మీ నవల గంటల్ని తినేస్తుంది, హక్కులు చాలాసార్లు యాప్ దగ్గరే ఉండిపోతాయి. ఈ పనులకు వారంలో మూడు రోజులకు మించి ఇస్తే ఉద్యోగం మానిన ఫలితం దక్కదు.

ఫెలోషిప్పులు, పురస్కారాలు ఏమైనా ఉన్నాయా?

30 ఏళ్లలోపు వాళ్లకు కేంద్రం 2021లో మొదలుపెట్టిన పీఎం యువ పథకం ఉంది. నేషనల్ బుక్ ట్రస్ట్ నడుపుతోంది. ఎంపికైనవారికి ఆరు నెలలపాటు నెలకు 50,000 ఇస్తారు. ప్రకటన వచ్చినప్పుడు ఇచ్చిన అంశం మీదే రాయాలి. సాహిత్య అకాదెమీ యువ పురస్కారం 35 ఏళ్లలోపు వాళ్లకు, 50,000 రూపాయలు. అవి వస్తే మంచిదే, ఇంటి బడ్జెట్‌లో మాత్రం వాటికి సున్నా వేయండి.

పన్ను కట్టాలా?

రాయల్టీ ఏడాదికి 50,000 దాటితే ఇచ్చేవాళ్లు 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. మొత్తం ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆదాయం లేకపోయినా ఏటా రిటర్ను వేయండి. రేపు బ్యాంకు లోనుకు అదే ఆధారం.

## పుస్తకం

సొంత ఖర్చుతో వేసుకుంటే గిట్టుబాటవుతుందా?

లెక్క ఇలా ఉంటుంది. తెలుగు పుస్తకం ఎక్కువగా 1/8 డెమ్మీ సైజు. 16 పేజీలు ఒక ఫారం. పేజీల సంఖ్య 16తో భాగించేలా, 176 లేదా 192 ఉండేలా కట్టించుకోండి. 195 పేజీలైతే మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు పడుతుంది. కొటేషన్ అడిగేటప్పుడు లోపలి కాగితం (70 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో అయితే నేచురల్ షేడా తెలుపా), అట్ట (300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్), బైండింగు, డమ్మీ కాపీ, ఇంటికి చేర్చే కిరాయి అన్నీ రాయించండి. సూర్యారావుపేట, గవర్నరుపేటల్లో తిరిగి కనీసం మూడుచోట్ల తీసుకోండి.

ఉదాహరణకు 500 కాపీలకు డీటీపీ, అట్ట బొమ్మ, అచ్చు అన్నీ కలిపి 60,000 అయిందనుకోండి. కాపీ 120 పడింది. ధర 200 పెట్టి, షాపుకు 40 శాతం కమీషన్ ఇస్తే మీకొచ్చేది 120. అంటే 500 కాపీలూ అమ్ముడైతేనే పెట్టుబడి వస్తుంది. స్నేహితులకు ఉచితంగా ఇచ్చే ప్రతి కాపీ నష్టమే. తొలి పుస్తకానికి వంద కాపీలు డిజిటల్ ప్రింటులో వేసి చూడటం నయం. కాపీ ఖరీదు పెరుగుతుంది, కానీ మంచం కింద కట్టలు మిగలవు.

ఐఎస్‌బీఎన్, కాపీరైటు డబ్బిచ్చి తీసుకోవాలా?

ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్యను కేంద్ర ప్రభుత్వ రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. రచయితగా మీరే పెట్టుకోవచ్చు. దానికి వేలు అడిగేవాళ్లకు ఇవ్వకండి. కాపీరైటు రాసిన క్షణం నుంచే మీది. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే తగాదాలో సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్య రచనకు రుసుము 500. అచ్చయిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు గ్రంథాలయాలకు కాపీలు పంపాలని 1954 చట్టం చెబుతోంది.

అగ్రిమెంటులో ఏం చూడాలి?

హక్కుల్ని ఒక్కొక్కటిగా విడదీసి చూడండి. అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా వేటికవే. "సమస్త హక్కులు" అన్న మాట కొట్టించేయండి. కాలవ్యవధి రాయకపోతే చట్టప్రకారం ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడుకోకపోతే, అగ్రిమెంటులో వేరేగా లేనప్పుడు, అది మీకే తిరిగొస్తుంది. "అగ్రిమెంటులో వేరేగా" అన్న వాక్యం చాలా ముసాయిదాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చదవండి. రాయల్టీ అచ్చు ధర మీదా, వసూలైన సొమ్ము మీదా అన్నది స్పష్టంగా ఉండాలి. కమీషన్లు పోగా వసూలైనదాని మీద పది శాతం అంటే ధరలో ఆరు శాతమే.

సినిమా వాళ్లకు కథ చెప్పేముందు లైను (కథ సారాంశం) ఒకటి రాసి ఈమెయిల్‌లో పంపండి, నోటిమాటకు ఆధారం ఉండదు. సినిమాలో వాడిన మీ రచనకు, థియేటర్ ప్రదర్శన కాక మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీని నిర్మాతకు వదిలేయడం కుదరదని కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ చెబుతోంది.

అచ్చయిన పుస్తకాలు ఎలా అమ్మాలి?

ఏలూరు రోడ్డు షాపుల్లో ఇరవై కాపీలకు మించి ఒకేసారి ఇవ్వకండి. రసీదు తీసుకుని, మూడు నెలలకోసారి స్వయంగా వెళ్లి లెక్క చూడండి. జనవరి ఒకటి చుట్టూ మొదలయ్యే విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం డిసెంబరు పదికల్లా చేతికి రావాలి. ఆ నెలలో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీల పనిలో ఉంటాయి, అందుకే ఫైలు నవంబరు మొదట్లోనే ఇవ్వాలి. పోస్టులో పంపడానికి 2025 మేలో మొదలైన జ్ఞాన పోస్టు చవక: 300 గ్రాములదాకా 20 రూపాయలు, పన్ను అదనం. మీ పుస్తకాన్ని జ్ఞాన పోస్టులో తీసుకుంటారో లేదో పోస్టాఫీసులో చూపించి కనుక్కోండి.

## గడువు ముగిశాక

పద్దెనిమిది నెలలైంది. నవల పూర్తి కాలేదు. మళ్లీ ఉద్యోగంలో చేరితే ఓడిపోయినట్టేనా?

కాదు. డబ్బు పూర్తిగా అయిపోయాక వెతికితే దొరికినదాంట్లో చేరాల్సి వస్తుంది. అందుకే నాలుగు నెలల ఖర్చు మిగిలి ఉండగానే ప్రయత్నం మొదలుపెట్టండి. రెజ్యూమేలో ఖాళీ వదలకండి, ఆ కాలంలో చేసిన అనువాదాలు, అచ్చయిన కథలు, ఎడిటింగు పనులు తేదీలతో రాయండి. పాత ఆఫీసులోని ఇద్దరితో ఈ ఏడాదిన్నరా మాటలు ఉంచుకుని ఉంటే పని సులువవుతుంది.

చేరడానికి ముందు రెండు వారాలు నవల కోసం ఉంచుకోండి. రాయని సన్నివేశాలన్నీ ఒక్కొక్కటి రెండు మూడు వాక్యాల్లో రాసి పెట్టండి. రాసినంతవరకు ప్రింటు తీసి స్పైరల్ బైండింగు చేయించండి. కొత్త ఉద్యోగంలో మొదటి నెల తల ఎత్తనివ్వదు, ఆ కాగితం లేకపోతే తర్వాత ఏం రాయాలనుకున్నారో మీకే గుర్తుండదు. చేరిన మొదటి సోమవారం పొద్దున ఐదున్నరకు ఆ జాబితాలోంచి అన్నిటికన్నా చిన్న సన్నివేశం తీసుకుని కూర్చోండి.